మెరిసే వైపు బొట్టు

నేను ఒక కంప్యూటర్ని. ధర్మవరంలో చౌడప్ప అనే చీరల డిజైనరు ఇంటి వసారాలో, మగ్గాల దుమ్ము పీల్చుకుంటూ పడి ఉన్నాను. నా ఒంటి మీద అసలు రంగు కంటే పూజల పసుపే ఎక్కువ.

ఎక్కడో సముద్రాల అవతల పుట్టాను. మొదట బెంగళూరు ఆఫీసులో, పని కంటే పేకాట ఎక్కువ ఆడే గుమాస్తా చేతిలో నలిగాను. నిక్షేపంగా నడుస్తుండగానే పాతదన్నారు, పాత సామాన్లలో తోశారు. మనుషులకు కొత్తది కొనాలనిపించిన రోజే ఉన్నది పాతబడుతుంది. చౌడప్ప నన్ను బస్సులో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

ఇక్కడ నా పని హంసలు, మామిడి పిందెలు. చౌడప్ప గీసిన బొమ్మను గళ్లుగా విడదీసి పక్కనున్న అట్టల మిషనుకు చెబుతాను. అది అట్టలకు చిల్లులు పొడుస్తుంది. ఆ అట్టల దండ మగ్గం మీదికెక్కితే ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో ఆ చిల్లులే చెబుతాయి. ఆ మిషను తీగ దూరే కంత నాకే ఉంది. కొత్త కంప్యూటర్లకు లేదు.

నాలోని ఆపరేటింగ్ సిస్టంకు కన్న కంపెనీయే ఎప్పుడో తర్పణం వదిలేసింది. అయినా డిజైను ప్రోగ్రాం నడిచేది. ఎందుకంటే దాని అడుగున లైబ్రరీ అనేదొకటి ఉంది. అందులో పుస్తకాలుండవు. తెర మీద కిటికీ తెరవడం, గీత గీయడం, మౌసు నొక్కితే పలకడం, ఈ ఊడిగమంతా చేసే కోడు మూట అది. అన్ని రకాల కంప్యూటర్ల మీదా నడిచేలా దేశదేశాల వాళ్లు కలిసి రాశారు. ఒకనాడు వాళ్లకు విసుగొచ్చింది. పాత సిస్టంల కోసం ఇన్ని అతుకులెందుకు, పరీక్షిద్దామంటే మన దగ్గర అలాంటి యంత్రం ఒక్కటీ లేదు కదా అన్నారు. న్యాయమే, కాదనను. ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని కూడా అడిగారు. ఇంగ్లీషులో అడిగారు. ధర్మవరం నుంచి ఎవరు పలుకుతారు? అతుకులు పీకేసి, కోడు శుభ్రమైందని ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. ఊడ్చేవాడికి ఇల్లు బాగుపడుతుంది, చీపురు దెబ్బ చీమకు తగులుతుంది.

పోనీ చెప్పకుండా చేశారా అంటే అదీ కాదు. ఏడాది పాటు, పొద్దున ప్రోగ్రాం తెరవగానే నా తెర మీద ఇంగ్లీషులో ఒక పెట్టె పడేది: ప్రోగ్రాం వచ్చే వెర్షను కొత్త లైబ్రరీతో వస్తుంది, ఈ సిస్టం మీద నడవదు, వేసుకోవద్దని. చౌడప్ప ఐదో తరగతిలోనే మగ్గం గుంటలో దిగినవాడు. ఊదొత్తి తిప్పి, కళ్లకద్దుకుని, ఆ పెట్టె మీద ఓకే నొక్కేవాడు. అదీ పూజలో భాగమే అనుకున్నాడు. నేను రోజూ మొత్తుకుంటాను, ఆయన రోజూ దండం పెడతాడు. ఇంతకంటే నరకం ఉంటుందా?

ఆయుధపూజ వచ్చింది. మగ్గానికి కొత్త తోరణం, మిషనుకు కొత్త గుడ్డ. "మరి దీనికి? దీనికీ ఏదో ఒకటి కొత్తది ఏయాల కదా" అని చౌడప్ప నెట్టు నుంచి కొత్త వెర్షను దింపాడు. అది పాతదాన్ని మింగింది. తాను మాత్రం లేవలేదు.

మర్నాడు పక్కవీధి నేతగత్తె ఆదెమ్మ వచ్చింది. వచ్చే పున్నమికి ఊరి అమ్మవారు చౌడేశ్వరమ్మకు కట్టాల్సిన చీర ఈసారి ఆమె మగ్గం వంతు. తప్పిపోతే ఆ వంతు ఆమె బతికుండగా మళ్లీ రాదు. పైట కొంగు మీది హంసకు పండగ ముందు పొట్ట దాకానే అట్టలు కొట్టించాం.

"ఏమప్పా చౌడప్పా, హంసకు మెడ యాడ? అమ్మోరికి తలకాయ లేని పక్షిని కట్టిస్తావా?"

"తెరుచుకోల్యా అక్కా. పండగని కొత్తది ఏసినా."

"బాగుండేదానికి పండగేందిరా!"

చౌడప్ప బెంగళూరు డీలరుకు ఫోను చేశాడు. పాత వెర్షను తీసేశారు, కంప్యూటరు మార్చేయండి అన్నాడతను.

"మరి అట్టల మిషను తీగ దూరదు కదా సార్?"

"మిషనూ మార్చేయండి."

"మగ్గం?"

అవతల ఫోను పెట్టేశారు.

అప్పుడు చౌడప్పకు గుర్తొచ్చింది, మొదట్లో ప్రోగ్రాంతో ఇచ్చిన సీడీ. దేవుడి గూట్లో ఉంది. ఏటా ఆయుధపూజకు దానికీ గంధం, కుంకుమ. మెరిసేదే ముఖమనుకుని ఆ వైపే బొట్లు పెట్టారు మహానుభావులు. నేను చదవాల్సిన వైపే అది, పేరుకుని పిడకలా తయారైంది. నా నోట్లో పెడితే గరగరమని కక్కేశాను.

చౌడప్ప గోటితో గీకబోయాడు. ఆదెమ్మ ఆ చేతి మీద ఒకటి వేసింది. "గీకితే పోగు తెగినట్లే. ఇటియ్యి. పట్టు కంటే సుకుమారమా ఇది?"

కుంకుడు రసంలో నానబెట్టి, పట్టుపీచుతో నడిమి నుంచి అంచుకు మెల్లగా తుడిచి, నీడన ఆరబెట్టింది. మళ్లీ నా నోట్లో పెట్టారు. దగ్గాను, మూలిగాను, ఆగాను. "అమ్మా, చౌడమ్మా" అంటూ ఆదెమ్మ నా నెత్తిన చెయ్యి పెట్టింది. నేనే కదా చదవాల్సింది! చదివాను. పాత ప్రోగ్రాం లేచింది. హంస మెడ వంచుకుని తెర మీదికొచ్చింది. మిషను టకటక మొదలుపెడితే ఆదెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పున్నమికి చీర అమ్మవారికి చేరిందట. నన్నెవరు గుడికి తీసుకెళ్తారు? నెట్టు తీగ పీకేశారు. సీడీ గూట్లోకి పోయింది. ఈసారి బొట్టు పేరు అచ్చేసిన వైపు పెట్టారు. ఇన్నేళ్లకు ఆ మాత్రం జ్ఞానోదయమైంది.

ఆ తొలినాటి ప్రోగ్రాంలో హెచ్చరిక పెట్టె లేదు. సీడీ వేసిన మర్నాడు పొద్దున చౌడప్ప ఊదొత్తి తిప్పి, మౌసు పట్టుకుని ఎంతోసేపు కూర్చున్నాడు.

"ఆ పెట్టె రాలేదక్కా. దాన్ని నొక్కకుండా పని మొదలుపెట్టాలంటే మనసొప్పడంల్యా."

అట్టల కోసం వచ్చిన ఆదెమ్మ గూట్లోని కుంకుమ తెచ్చి, నా తెర మీద సరిగ్గా ఆ పెట్టె పడేచోట ఒక బొట్టు పెట్టింది.

"ఇదో, దీన్ని నొక్కు."

రోజూ నొక్కుతున్నాడు. నేను ఆ బొట్టు పక్కనుంచి హంసలను చూసుకుంటున్నాను.