మొదటి పాఠం వేలంలో పోయింది

మా అమ్మ సంతోషమ్మ దగ్గర దేవుడి వాటా తప్పడానికి వీల్లేదు. తీగకు కాసిన మొదటి సొరకాయ, పెట్ట పెట్టిన మొదటి గుడ్డు మా యాలాల్ చర్చికే పోవాలి. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ముట్టకూడదు.

పంతొమ్మిది వందల అరవై మూడులో, వికారాబాద్‌లో కొత్తగా తెరిచిన కాలేజీలో ప్రపంచ చరిత్ర చెప్పమని నన్ను పిలిచారు. సోమవారం మొదటి పాఠం ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని వింటాడు. నచ్చితేనే ఉద్యోగం. చేతిలో కాగితం లేకపోతే నాకు మాట పెగలదు. అందుకే నెల రోజులు చచ్చీచెడీ ఆదిమానవుడి మీద ఇరవై పేజీలు రాసుకున్నాను.

ఆదివారం చర్చిలో చూద్దును కదా, సొరకాయ పక్కన నా కాగితాలు!

"అమ్మా, గవి నావి!"

"మొదటి పాఠం దేవునికియ్యకుంట పిల్లలకెట్ల చెప్తవ్ కొడుకా?"

సంఘ పెద్ద పెద్దయ్యకు చదువు రాదు. నేను గీసిన బొమ్మ మీద వేలు పెట్టాడు. "గీడ గుహల ఉన్నదెవరు యోబూ?"

"మొట్టమొదటి మనుషులు తాతా."

"మరి దేవుడు మొదటి మనుషులను ఉంచిన ఏదెను తోట ఏడవాయె?"

చర్చి అంతా నా వంక చూసింది. నేను నా కాగితాల వంక చూశాను. అమ్మే లేచింది.

"తోట్లకెల్లి ఎల్లగొట్టినంక గుహలనే ఉంటరు. బంగ్లా కట్టిస్తరా?"

ముందు పాస్టరుగారే నవ్వాడు. పెద్దయ్య ఒక కోడిపుంజు ఇస్తానని వేలం పాడి, నా నెల కష్టాన్ని చంకలో పెట్టుకుని పోయాడు.

మర్నాడు తాండూరులో రైలెక్కి, దారి పొడుగునా గుర్తుచేసుకుందామని చూశాను. ఒక్క ముక్క రాలేదు. అమ్మ మీద కోపం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

క్లాసులో నలభై మంది, వెనక ప్రిన్సిపాల్. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఉన్నమాటే చెప్పేశాను. "నా పాఠం నిన్న వేలంల పోయింది."

పిల్లలు గొల్లున నవ్వారు. ఇక దాచేదేముంది? తోట, గుహ, బంగ్లా, కోడిపుంజు అన్నీ చెప్పాను. గుహలో ఏం తిన్నారు, చలికి ఏం చేశారు అని వాళ్ళే అడగసాగారు. గంట కొట్టినా నేను ఆపలేదు.

"నోట్సేవయ్యా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"యాలాల్‌ల ఒక పెద్దమనిషి కాడున్నయి సార్."

"గాయన కాడనే ఉండనీ. రేపు రా."

పై ఆదివారం పెద్దయ్య చర్చి మెట్ల మీదే నన్ను పట్టుకున్నాడు. చేతిలో నా కాగితాలు.

"మనుమరాలితోని చదివించుకున్న. నిప్పు పుట్టించిన కాడ ఆపినవ్. పుంజు తీస్కొని సగం కథనే ఇస్తవా? తర్వాత ఏమాయె?"

చచ్చినట్టు అక్కడే కూర్చుని చెప్పాను. ప్రతి ఆదివారం అదే వరస. వికారాబాద్ పిల్లలకు నా కొత్త పాఠాలన్నీ ఒకరోజు ఆలస్యంగానే అందాయి.