గొంతు జాగ్రత్త

కిరీటి బెండకాయలు తరుగుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో చాకు ఎక్కడుంటుందో కూడా తెలియని మనిషి. కడిగిన కాయల్ని తుడవకుండా తరగడంతో చెయ్యంతా జిగురే.

"నువ్వు పోయి పాడుకో భానూ. వంట సంగతి నేను చూస్తాగా. గొంతు జాగ్రత్త," అన్నాడు.

భానుశ్రీకి సంతోషం కలగాలి. కలగలేదు. మనసు కీడు శంకించింది.

గాంధీనగర్‌లో ఒక సంగీతసభ వాళ్ళు ఏటా కొత్తవాళ్ళకి ఆడిషన్ పెట్టి, నెగ్గినవాళ్ళకి ఉత్సవాల్లో కచేరీకి అవకాశం ఇస్తారు. నిరుడు సరిగ్గా ఆ రోజే అత్తగారు మాణిక్యమ్మ ఇంట్లో వ్రతం పెట్టుకుంది. "దేవుడి ముందు పాడవే, ఎవరొద్దన్నారు?" అంది. అంతకు ముందేడు అదే రోజున కిరీటి ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచాడు. పులిహోర కలిపిన చెయ్యి కడుక్కోకుండానే హాల్లోకి రమ్మని, "మా ఆవిడకి సంగీతం కూడా వచ్చండోయ్," అని అందర్నీ నవ్వించాడు. ఆమె పాఠాలు చెప్పే పటమట స్కూల్లోనూ ఇదే వరస. ప్రతి ఫంక్షన్‌కీ ప్రార్థన ఆమే పాడాలి. ముఖ్య అతిథికి శాలువా, ఆమెకి "థాంక్యూ టీచర్". అలాంటిది ఈసారి అడ్డుపుల్ల వేసేవాళ్ళే లేరు. అత్తగారు మిరియాల పాలు తెచ్చిచ్చింది. భానుశ్రీ తాగబోతూ వాసన చూసింది. చూసినందుకు తనే సిగ్గుపడింది. ఛీ, ఏం బుద్ధి ఇది? తను కోరుకున్నది ఇదే కదా? కానీ తను సాధనకి కూర్చోగానే కిరీటి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళేవాడు. పాట ఆగితే అతని గొంతూ తగ్గేది. "ఎవరండీ?" అంటే "ఆఫీసు" అనేవాడు. తను పనిచేసే ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్‌వాళ్ళతో అతను అరుస్తూ మాట్లాడటమే తప్ప గుసగుసలాడటం ఆమె ఏనాడూ వినలేదు.

ఆడిషన్ రోజు అతనే కార్లో దించాడు. "టెన్షన్ పడకు. రాకపోతే కొంపలేం మునగవు," అన్నాడు.

లోపల కాంభోజి రాగం ఎత్తుకున్నాక గొంతు నెమ్మదిగా శ్రుతిలో కుదురుకుంది. పరీక్షించే పెద్దావిడ సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుని ఇంకా, ఇంకా అన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉంది. పాట అయ్యాక ఆవిడ దగ్గరికి పిలిచింది.

"నిన్ను తీసుకుంటున్నామమ్మా. ఇంకో మాట. మీ ఇంటాయన మా సెక్రెటరీకి పదేపదే ఫోన్ చేశాడట. 'ఈసారికి కాదని సున్నితంగా చెప్పి పంపండి, ఒకసారి వెళ్ళొస్తే ఆ సరదా తీరిపోతుంది' అన్నాడట. ఆ సంగతి నా చెవిన పడబట్టే నిన్ను అంతసేపు పాడించాను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని."

భానుశ్రీకి ఏడుపు రాలేదు. ముందుగా కలిగింది ఊరట. ఇన్నాళ్ళూ తన బుద్ధే వంకర అనుకుంది.

గేటు దగ్గర కిరీటి కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం అప్పటికే విచారంగా పెట్టుకున్నాడు.

"పోనీలే భానూ, బాధపడకు. వాళ్ళకి కావాల్సినవాళ్ళు వాళ్ళకుంటారు. ప్రయత్నించావు, అది చాలదూ? ఇంట్లో పాడుకో, వినడానికి నేను లేనూ?"

ఆమె ఆసాంతం విన్నది. ఎక్కడా తడబాటు లేదు. తనకంటే అతనే బాగా సాధన చేశాడు.

"నేను సెలెక్టయ్యానండీ."

కిరీటి నోరు తెరిచాడు. "అదెలా?"

"పాడితే," అంది భానుశ్రీ. కారు దాటి రోడ్డు మీదికి వచ్చి, ఆటో కోసం చెయ్యెత్తింది.