కొంగ పుస్తకం

కొంగ వస్తున్నదా పోతున్నదా అన్నది దాని రెక్కలను బట్టి చెప్పడం కుదరదు, గీసినవాడు ఆ రెండు నల్లటి గీతలను ఎటైనా అనుకోండని మనకే వదిలేశాడు, మిగిలిన అట్ట అంతా తెలుపు, ఆ తెలుపు ఆకాశమని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతున్నది, ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద సుద్దముక్కతో పక్షుల బొమ్మలు వేస్తున్న నేను, వేయకుండా వదిలిన చోటు గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు, చూపు అట్ట మీదనే ఆగింది, లోపలికి పోవడానికి చెయ్యి రావడం లేదు, సారు తెరుస్తలేడేందే అని సైదులు గొణుగుతున్నాడు, మెల్లగా అన్నాననే అనుకుంటున్నాడు, సాగర్ మీద లాంచీ నడిపే మనిషి గొంతులో మెల్లన అనేది ఎక్కడుంటుంది, ఇంజను చప్పుడు మీద అరిచీ అరిచీ అది ఒకే తీరులో గట్టిపడింది, జర ఊకో సైదులూ, తెరుస్తడు తియ్యి, నీ లాంచి పోతాందా ఏంది అని అజీజా బేగం కసిరింది, గడపకు ఆనుకొని కూర్చున్నది ఆమె, ఒళ్ళో మిగిలిన పుస్తకాల సంచి, నా భార్య లీల పోయాక వీళ్ళు మా వసారాలో కూడడం ఇదే మొదలు, కొంగ పుస్తకం మాత్రం దవాఖాన నుంచి వచ్చిన మూటలో, ఫ్లాస్కుకూ శాలువాకూ మధ్య ఇన్నాళ్ళూ ఉండిపోయింది, నాకు కావలసింది అందులోని కథ కాదు, ఒక్క సంగతి, ఈ పుస్తకం గుండె మీద పెట్టుకొని ఆ ఇనుప మంచం మీద పడుకున్న లీలకు తాను ఇక ఇంటికి రానని తెలుసా, తెలియకుండా పోయిందంటే అదొక బాధ, తెలిసి నాకు చెప్పకుండా ఒక్కతే మోసిందంటే అంతకన్నా పెద్ద బాధ, ఏ బాధ నాదో తెలియక దేన్నీ పూర్తిగా పడలేకపోతున్నాను.

ఈ పుస్తకాలు మా నందికొండకు వచ్చిన తీరు తలుచుకుంటే వింతగానే ఉంటుంది, డ్యాము పవర్‌హౌస్‌లో మిషన్లు బిగించడానికి జపాను నుంచి మనుషులు వచ్చి పని ముగించుకొని వెళ్ళిపోయారు, వాళ్ళున్న గదులు ఊడిస్తే మంచాల కింద ఇటుకల్లాంటి లావు పుస్తకాలు, నిండా బొమ్మలు, పారేయమన్నారు, లైన్‌మన్ బాబా మియాకు మనసొప్పక గోనెసంచిలో వేసుకొచ్చి భార్యకిచ్చాడు, ఆ భార్యే అజీజా, మా క్వార్టరుకూ వాళ్ళ క్వార్టరుకూ గోడ ఒక్కటే, ఆ గోడ మీదుగా మొదటి పుస్తకం లీల చేతికొచ్చింది, అందులోని అక్షరం ఈ కాలనీలో ఒక్కరికీ రాదు, రానందువల్లనే కావచ్చు వీళ్ళు బొమ్మను చూసినట్టు ఇంకెవరూ చూడగా నేను చూడలేదు, పేర్లు కూడా వీళ్ళు పెట్టినవే, సేమియా పుస్తకం, అందులో పిల్లవాడు పేజీకొకసారి గిన్నెడు సేమియాను రెండు పుల్లలతో తింటాడు, రైలు దయ్యం, అది చూసి ఇరిగేషన్ ఆఫీసు గుమస్తా పరమేశ్వర్ మిర్యాలగూడలో రైలెక్కడానికి వెనకాడాడు, ఇంకొకటి క్రికెట్టు రానోళ్ళ క్రికెట్టు, ఆ పేరు సైదులుది, చూడుండ్రి బ్యాటు భుజం మీద పెట్టుకుంటరా ఎవరన్న, వికెట్లు లెవ్వు, కొట్టి బ్యాటు పారేసి ఉరుకుతాండు, వీనికి ఎవడు నేర్పిండో గాని అని వాడు వాపోతుంటే, ఆట రాకుంటే పాయె, వాని చెమట జూడు సైదులూ, చెమట చుక్క ఎగిరేది జూడు, ఎండ ఎంత గొడుతుందో గా చుక్కలనే ఉంది అని లీల వేలు పెట్టి చూపించేది, కొత్తగా వచ్చినవాళ్ళకు ఏది ముందు ఏది తర్వాత అని చెప్పేది కూడా ఆమే, పరమేశ్వర్ మొదటిసారి వచ్చి ఏదో ఒకటి ఇయ్యక్కా అంటే, ఏదో ఒకటి అనేటోనికి ఏదీ ఇయ్య, ముందుగాల సేమియా పుస్తకం పట్టుకపో, నవ్వుడు అలవాటు గానీ, అటెన్క రైలు దయ్యం, భయపడుడు నేర్చుకున్నంక వచ్చి కొంగ పుస్తకం అడుగు, దానికి తయారుగావాలె అన్నది, ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం నాకు గుర్తుంది, బడిలో ఏ పాఠం చెప్పేటప్పుడూ నా ముఖంలోకి రాని వెలుగు అది.

కొట్లాట అంతా కొంగ పుస్తకం మీదనే, ఎడమ నుంచి తెరిచి మన పుస్తకంలా చదువుకుంటూ పోతే మొదట ఖాళీ సముద్రం, ఒడ్డున గుడిసెలో ఒంటరి ముసలామె, తర్వాత తుఫాను, తుఫానులోంచి చిన్న పడవ, పడవలో ఒక పడుచు, ఆమె ఒడ్డుకు చేరుతుంది, అక్కడి నుంచి పేజీ తిప్పినకొద్దీ ముసలామె జుట్టు నల్లబడుతుంది, పడుచు పిల్లవుతుంది, పిల్ల పాపవుతుంది, చివరి బొమ్మలో నల్ల జుట్టు తల్లి ఒడిలో పసిబిడ్డ, గంగమ్మ పంపిన బిడ్డ గాబట్టి చిన్నగైతాంది, దేవుళ్ళ లెక్క వేరే ఉంటది అని సైదులు తీర్పు, అజీజా మొదటిరోజే పుస్తకాన్ని తన ఉర్దూ కితాబులాగ కుడి నుంచి తెరిచింది, గిది గిట్ల చదువాలె, ఇగో తల్లి, ఇగో బిడ్డ, బిడ్డ పెరిగింది, పడవెక్కి పోయింది, తుఫానొచ్చింది, మల్ల రాలె, ఖతం అన్నది, ఎవరూ ఒప్పుకోలేదు, నేనూ వసారా చివర కుర్చీలో జవాబు పత్రాలు దిద్దుకుంటూ వింటూ ఒప్పుకోలేదు, లీల సైదులు పక్షమే, చివరి బొమ్మలో ఆ ఒడిని, ఆ పసిదాని పిడికిలిని ఎంతసేపైనా చూసేది, మాకు పిల్లలు లేరు, అందుకే అటు నుంచి చదువుతున్నదని నేననుకున్నాను, పైకి అనలేదు.

హైదరాబాదు దవాఖానలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు, నేను లోపలికి వచ్చాను, ఏమన్నాడని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు, అడగకపోవడం తెలియకనా తెలిసా, ఆమె చేతిలో ఈ పుస్తకమే ఉన్నది, ఇగో, నువ్వు గూడ గిది చదువాలె, దిద్దుకుంట దిద్దుకుంట గాదు, మంచిగ కూసోని చదువాలె, గీ వాన జూడు, చప్పుడొస్తలేదా అన్నది, చూశాను, పేజీ నిండా వాలుగా గీతలు, ఎక్కడా నీటిబొట్టు లేదు, అయినా నాకు మా రేకుల మీది వాన వినిపించింది, అవును బాగుంది అన్నాను, బాగుంది అంటే సరిపోదయ్యా సారూ అని నవ్వింది, ఆ నవ్వు చూసి నేను తేల్చుకున్నాను, పాపం ఈమెకు తెలియదు, పసిపిల్లలాగ బొమ్మలు చూసుకుంటున్నది, పడవ ఒడ్డుకు చేరుతుందని నమ్ముకొని చదువుతున్నది, ఆ నమ్మకాన్ని తీసుకోవడానికి నేనెవరిని, అట్లా అనుకొని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను, బయట చెట్టు మీద కాకులు అరుస్తున్నాయి, అవి ఎప్పటిలాగే అరుస్తున్నాయి.

సారూ ఎడమ దిక్కు నుంచే తెరువుండ్రి, లీలక్క మా పార్టీ అని పరమేశ్వర్ అంటున్నాడు, మనిషి మంచివాడు, నా మౌనానికి భయపడి ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు, నీ పార్టీ నీళ్ళల్ల గలువ, ముసలిది వయసుకొచ్చుడు ఏడన్న ఉంటదా అని అజీజా అంటే సైదులు లేచి కూర్చున్నాడు, ఎందుకుండదు, పవర్‌హౌస్‌ల మిషను ఎనుకకు తిప్పి కింది నీళ్ళు మల్ల డ్యాములకు ఎక్కిస్తలేరా, నీ పెనిమిటినే అడుగు, గా మిషను చేసినోళ్ళే గీ పుస్తకం చేసిన్రు, కృష్ణమ్మనే ఎనుకకు తోలినోళ్ళకు ఒక ముసల్ది లెక్కనా, అనేసరికి పరమేశ్వర్ పక్కున నవ్వాడు, అజీజా కూడా కొంగు అడ్డం పెట్టుకున్నది, అంతలోనే ముగ్గురూ నా వైపు చూసి, చావు జరిగిన ఇంట్లో నవ్వామని గుర్తొచ్చి తలలు దించారు, నా పెదవులు కూడా కొంచెం కదిలాయని వాళ్ళు చూడలేదు, ఆ మాటకు లీల ఎంత నవ్వేదో, నవ్వి ఏమనేదో నాకు తెలుసు, ఎడమ అట్ట కింద వేలు పెట్టాను, అటు తెరిస్తే పడవ వస్తుంది.

ఆగు సారూ అన్నది అజీజా, ఒక్క మాట చెప్పాలె, ఇన్నొద్దులు చెప్పలే, నోరు రాలే, లీల గీ పార్టీ కాదు, అంటే పరమేశ్వర్ ఏదో అనబోయాడు, ఆమె వాడి వైపు చూడనే లేదు, దవాఖానల నువ్వు మందులకు కిందికి పోయినవు సారూ, నేను మా చెల్లె ఇంటికెల్లి రొట్టెలు తెచ్చిన, చూస్తే కితాబు నా తీరుగ పట్టుకున్నది, కుడి దిక్కు నుంచి తిప్పుకుంట తుఫాను దాంక వచ్చింది, గుంజుకోబోయిన, వద్దే లీలా, గిట్లకెల్లి చదువకు, ఇంక రెండు పేజీలైతే గా పిల్ల పోతది అన్న, అంటే నవ్వింది సారూ, నాకెరుకనే అజీజక్కా, నువ్వు మొదటిరోజు చెప్పినప్పుడే ఎరుకైంది, వాళ్ళ ఖుషీ కోసం అటు పార్టీల కూసున్న గని, ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నప్పుడు గీ దిక్కు నుంచే చదువుకునేదాన్ని అన్నది, మా నాయిన పోచంపల్లిల నేసిన చీరకు లోపలి దిక్కు బయటి దిక్కు ఉండదక్కా, ఎటు తిప్పి కట్టుకున్నా పువ్వు పువ్వే, గిది గూడ గంతే, కాకపోతే గీసినాయన చెయ్యి గిటునుంచి నడిచింది, ఆయన నడిచిన తొవ్వల మనం గూడ ఒకసారి నడువాలె గద అన్నది, నాకు ఏడుపొచ్చింది, ఆమెనే నా చెయ్యి పట్టుకొని ఆఖరు బొమ్మ చూపించింది, భయమైతలేదా అని అడిగిన, అయితాంది, అయినా చూడు ఎంత మంచిగ గీసిండో అన్నది, సారుకు చెప్పాల్నా అంటే, వద్దు, ఆయననే చదువుకోనియ్యి, చదివితే ఆయనకే సమజైతది అన్నది.

పరమేశ్వర్ తన చేతులు చూసుకుంటున్నాడు, పుస్తకాన్ని తిప్పి పట్టుకున్నాను, బొటనవేలికి అలవాటు లేని అంచు, కుడి నుంచి తెరిచాను, నల్ల జుట్టు తల్లి, పసిది, పిడికిలి, పేజీ తిప్పితే నడక నేర్చుకుంటున్న కాళ్ళు, తడి ఇసుకలో అడుగులు, అడుగులు మాత్రమే, పిల్ల బొమ్మ లేదు, అయినా పిల్ల పరుగెత్తిందని తెలుస్తున్నది, తల్లి చెవి పక్కన ఒక్క తెల్ల వెంట్రుక, ఆ ఒక్క వెంట్రుకను గీయడానికి వాడు చుట్టూ ఎంత నలుపు నింపాడో, నిదానంగా, తొందరలేకుండా, ఇటునుంచి చూస్తేనే ఆ ఓపిక కనబడుతున్నది, పడవ, వీడ్కోలు, పిల్ల తిరిగి చూడలేదు, నీళ్ళలో ఆమె నీడ మాత్రం తిరిగి చూసింది, ఎంతటి మనిషి, ఇది గీసినవాడు ఎంతటి మనిషి, తుఫాను వచ్చింది, మంచం పక్కన నాకు చూపించిన వాన ఇదే, అప్పుడు వానను విన్నాను, ఆ గీతల నడుమ నలుసంత పడవ ఉన్నదని చూడలేదు, లీల వేలు దాని పక్కనే ఉన్నా చూడలేదు, తర్వాత గుడిసె, తల్లి ముసలిదైంది, రెండు గిన్నెలలో అన్నం పెడుతున్నది, ఎడమ నుంచి చదివినవాళ్ళం రాబోయే మనిషి కోసం అనుకున్నాము, కాదు, రాదని తెలిసే పెడుతున్నది, ఆ ముఖంలో ఏడుపు లేదు, ఆశ కూడా లేదు, పక్కన మనిషి ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది, ముడతలన్నీ సన్నటి గీతలే, ఒక్క గీత ఎక్కువైనా అది దుఃఖమయ్యేది, ఒక్కటి తక్కువైనా రాయి అయ్యేది, చివరి పేజీ తిప్పాను, సముద్రం, అందులో పడవ లేదు, గట్టు లేదు, కాగితం చివరిదాకా నీళ్ళు, అది ఖాళీ అని ఇన్నాళ్ళూ అన్నామే, ఖాళీ ఎక్కడున్నది, అల అలకూ వేరే గీత ఉన్నది, ఒకటి ఇంకొకటిలాగ లేదు, ఎంతసేపు చూసినా అయిపోవడం లేదు, దీన్నా లీల చూసింది, ఆ మంచం మీద, ఆ మందుల వాసనలో, ఇంత వెడల్పును చేతుల్లో పట్టుకొని, నువ్వు గూడ చదువాలె అన్నది నన్ను ఓదార్చడానికి కాదు, నా నుంచి దాచడానికీ కాదు, ఏ పుస్తకం గురించైనా ఆమె అట్లాగే అనేది, తాను నోరు తెరుచుకొని నిలబడిపోయిన చోటికి ఇంకొకరిని చెయ్యి పట్టుకొని తీసుకుపోవడం ఆమె పద్ధతి, నన్ను కూడా అట్లాగే పిలిచింది, ఒక్కతే మోసిందని నేననుకున్నది నిజం కాదు, తోడు రమ్మని అడిగింది, తొవ్వ కూడా చెప్పింది, భయం లేదని కాదు, ఉన్నదని అజీజాతో అన్నది, ఆ భయం పక్కనే ఈ ఆశ్చర్యానికి కూడా ఆమెలో చోటు సరిపోయింది, నాతో ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి లోపల ఇంత చోటున్నదా, ఆమెకు తెలుసు, అంతా తెలుసు, తెలిసిన కళ్ళతోనే చూసింది.