లోపల ఎనభై ఆరుగురు

2013 ఏప్రిల్ 27, శనివారం. అమెరికా ఉత్తర భాగంలో, మిసిసిపీ పడమటి గట్టు మీది ఒక నగరం. పాఠశాల ఆటల హాలులో, కౌన్సిలర్ పదవికి అభ్యర్థిని ఎంచుకునే పార్టీ వార్డు మహాసభ. హాజరైన ప్రతినిధులు రెండువందల నలభై మంది. వారిలో సొమాలీలు నూట ముప్పై: విమానాశ్రయంలో చక్రాల కుర్చీలు తోసేవాళ్లు, టాక్సీలు నడిపేవాళ్లు, మంచాన పడ్డవాళ్లకు ఇళ్లలో సేవ చేసేవాళ్లు. అధ్యక్ష స్థానంలో విశ్రాంత న్యాయవాది ఒకాయన. మొదటి వరుసలో, మూడుసార్లు గెలిచిన కౌన్సిలర్.

ఇదంతా సభ నివేదికలో ఉంది. ఓటు వేసే వేళ ఆ నూట ముప్పై మంది ఎక్కడున్నారన్నది మాత్రం లేదు.

నడవలో ఉన్నారు. ఆ ఉత్తరాన రాత్రి ఎనిమిది దాటిన పది నిమిషాలకు పొద్దు గుంకింది. సందె నమాజుకు ఉండే వ్యవధి కొంచెమే. అందరూ ఒక్కసారిగా లేచారు, ఎప్పుడూ లేచినట్టే. వెనక వరుసలో ఆడవాళ్లతో ఉన్న అర్దో నమాజు ముగించి తల తిప్పేసరికి హాలు తలుపు మూసి ఉంది. తలుపు అద్దంలోంచి లోపల లేచిన చేతులు కనిపించాయి. అధ్యక్షుడు మర్యాదగానే అడిగాడట: చర్చ ముగించి ఓటుకు వెళదామా, అభ్యంతరమున్నవారు చెప్పండి అని. చర్చ ముగియడానికి హాలులో ఉన్నవారిలో మూడింట రెండు వంతుల సమ్మతి కావాలి. ఉన్నవాళ్లంతా కౌన్సిలర్ మనుషులే. ఓటు మొదలయ్యాక తలుపు తీయరాదన్నది నియమం. అర్దో అద్దాన్ని అరచేత్తో కొట్టింది. కాపలా మనిషి గోడకు అంటించిన నియమావళి వైపు వేలు చూపించాడు.

ఓటు హక్కు కాగితం మీద అందరిదీ. తలుపు ఎవరి చేతిలో ఉందో కూడా చూసుకోవాలి.

వాళ్లలో ఎక్కువమంది కాపురం నది పక్కనున్న ఇరవై రెండంతస్తుల టవరులో. ఆ శీతాకాలం తొమ్మిది వారాలు అక్కడి రెండు లిఫ్టులూ ఆగిపోయాయి. మరమ్మతుకు గడువు కావాలని యజమాని అడిగిన ప్రతిసారీ సంతకం పెట్టినవాడు ఆ కౌన్సిలరే. జనవరిలో అర్దో మేనత్తకు ఊపిరాడలేదు. పద్నాలుగో అంతస్తు నుంచి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. పగలంతా విమానాశ్రయంలో పరాయివాళ్లను కుర్చీల్లో తోసే అర్దో ఆ కుర్చీ ముందు కాలు ఒకటి పట్టుకుంది. ఏడో అంతస్తు మలుపులో బరువు మారింది. ప్రాణమున్న బరువుకూ లేని బరువుకూ తేడా మోసేవాళ్ల చేతులకు తెలుస్తుంది.

నాలుగేళ్లు గడిచాయి. అప్పుడు సొమాలీలు నిలబెట్టిన అభ్యర్థి వార్సమే, బస్సు నడిపే మనిషి, ఓడిన ఆరు నెలలకే కౌన్సిలర్ కార్యాలయంలో ఉద్యోగానికి కుదిరాడు. అప్పటి నుంచి లిఫ్టు గురించి అడిగితే "చూస్తున్నాం" అనడం నేర్చుకున్నాడు.

2017 ఫిబ్రవరిలో టవరు నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల మధ్య, నలభై మంది కూర్చున్నారు. ఈసారి అర్దోను నిలబెడదామన్నారు. పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. ఆడమనిషి, పైగా మన వంశం కాదు అన్నారు. విమానాల్లో చెత్త ఏరే ఉబహ్ తింటున్న సమోసా పక్కన పెట్టింది.

"లిఫ్టు వంశం చూసి ఆగిందా చిన్నాన్నా?"

ఆ మాటతో అభ్యర్థి విషయం తేలింది. తేలనిది పొద్దు విషయం. మహాసభ మళ్లీ ఏప్రిల్ చివర్లోనే, మళ్లీ సాయంత్రం దాకా సాగుతుంది. పిల్లలకు ఖురాను చెప్పే గూలేద్ గురువు, గోరింటతో ఎర్రబారిన గడ్డం నిమురుకుంటూ, ఓటు కోసం నమాజు మానమంటే తాను ఈ గదిలో కూర్చోనని చెప్పాడు.

"మానమని ఎవరన్నారు గురువుగారూ?" అంది ఉబహ్. "యుద్ధమప్పుడు మా ఊళ్లో సగం మంది కాపలా కాస్తే సగం మంది నమాజు చదివేవాళ్లు. నా కళ్లతో చూశా. మీ పుస్తకంలో లేదా అది?"

"ఉంది. అది కత్తులు దూసినప్పటి నమాజు. అధ్యక్షుడి చేతిలో ఉన్నది చెక్క సుత్తి తల్లీ."

"ఆ సుత్తితోనేగా మనల్ని కొట్టింది."

అందరూ నవ్వారు. గురువు నవ్వలేదు. ఒక్కో మాటా తూచినట్టు చెప్పాడు: యుద్ధపు నమాజు ఇక్కడ చెల్లదు, కానీ ఒక జట్టు తర్వాత ఇంకో జట్టు చదవడాన్ని ఏ పుస్తకమూ కాదనలేదు.

"అందరం ఒక్కసారే లేవాలని దేవుడు అనలేదు. కూర్చుంటే పక్కవాడు ఏమనుకుంటాడోనని లేస్తాం."

అది నిజమే. ఆ రోజు అద్దానికి ఇవతల ఉండిపోయింది తన భక్తి వల్లో, భయం వల్లో అర్దోకూ తెలియదు.

రెండో జట్టులో ఉండేదెవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. పిలుపు వినపడ్డాక కుర్చీలో కూర్చునే ఉన్నాడన్న పేరు ఎవరికి కావాలి? ఒకరు వ్యవధి చాలదన్నారు, ఒకరు అలవాటన్నారు.

"నా పేరు రెండో జట్టులో రాయండి," అన్నాడు గూలేద్.

అప్పుడు లేచాయి చేతులు.

ఏప్రిల్ 29. ప్రతినిధులు మూడువందల ఇరవై, వారిలో టవరు పక్షం నూట డెబ్భై రెండు. పొద్దు గుంకింది. సగం మంది, ఎనభై ఆరుగురు, లేచి నడవలోకి వెళ్లారు. గూలేద్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అధ్యక్షుడు ఖాళీ అయిన కుర్చీలను చూసి సుత్తి అందుకున్నాడు. చర్చ ముగించి ఓటుకు వెళదామా, అభ్యంతరమున్నవారు?

"ఉంది," అంది ఉబహ్.

చేతులు లెక్కపెట్టారు. ముగించాలన్నవాళ్లు నూట నలభై ఎనిమిది, వద్దన్నవాళ్లు ఎనభై ఆరు. కావలసింది నూట యాభై ఆరు. ఆయన మళ్లీ లెక్కపెట్టించాడు. వాళ్ల దేవుడికి తొందరైతే మేమెందుకు ఆగాలని ముందు వరుసలో ఎవరో గొణిగారు. తలుపు మూసుకోలేదు.

మొదటి జట్టు వచ్చి కూర్చుంది, రెండోది వెళ్లింది. అర్దో అందులో ఉంది. నుదురు నేలకు ఆనించినా ఆమె చెవి తలుపు మీదే. ఆ నమాజు చెల్లిందో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు. లోపల ఆయన మరోసారి అడిగాడు. మరోసారి ఎనభై ఆరు చేతులు లేచాయి.

తొమ్మిదికి ముందే ఓటు ముగిసింది. నూట డెబ్భై రెండు, నూట నలభై ఎనిమిది. ఆ వార్డులో పార్టీ నిలబెట్టినవాళ్లకు ఎదురుండదు. నవంబరు ఎన్నిక లాంఛనమే. హాలంతా ఈలలు, ఏడుపులు. ఆ గోలలో కౌన్సిలర్ వచ్చి అర్దోతో చేయి కలిపాడు. సోమవారం భోజనానికి రమ్మన్నాడు. టవరు యజమాని కూడా వస్తాడట, లిఫ్టుల సంగతి సామరస్యంగా మాట్లాడుకోవచ్చట. ఆమె సరేనంది. వెనకున్నవాళ్లు విన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నేలమాళిగలో ఆమె ముందు ఉబహ్ ఒక కాగితం పెట్టింది. కౌన్సిలర్ పదవికి రాజీనామా చేస్తున్నానని ఒకే వాక్యం. తేదీ రాయలేదు; ఆమె మాట తప్పిన రోజు వీళ్లే వేసుకుంటారు.

"నిన్న సరేనన్నావు," అంది ఉబహ్.

"మర్యాదకి అన్నానక్కా."

"వార్సమే కూడా మర్యాదస్తుడే."

"మా అత్తను మోసినదాన్ని నేను."

"ఇంకో కాలు పట్టుకున్నది నేను. రేపు నేను నిలబడినా ఇదే కాగితం నా ముందు పెట్టండి."

గూలేద్ కాగితం రెండుసార్లు చదివి, ఇది చట్టం ముందు నిలుస్తుందా అని అడిగాడు. చట్టం ముందు నిలవకపోయినా మన ముందు నిలుస్తుందన్నారెవరో. అర్దో ముఖం ఎర్రబడింది. గెలిచిన మర్నాడే తన మనుషులు తనను ఇలా చూస్తారని ఆమె అనుకోలేదు. వాళ్ల ముఖాల్లోకి చూసింది. అక్కడ ద్వేషం లేదు, అలసట ఉంది. ఒకసారి మోసపోయినవాళ్ల అలసట.

"సోమవారం వెళ్లనులే," అంది.

"వెళ్లు. మేమూ వస్తాం. నూట డెబ్భై రెండు మందికి వండించమను."

ఈసారి గురువు కూడా నవ్వాడు. అర్దో నవ్వలేకపోయింది. కలం తీసుకుని, పేరు పూర్తిగా, తండ్రి పేరూ తాత పేరూ కలిపి రాసి సంతకం చేసింది. తేదీ చోటు ఖాళీగానే ఉంది. ఉబహ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, యూనిఫారం లోపలి జేబులో దోపుకుని, గుండీ పెట్టుకుంది.