ధనరాజు మాస్టారి వీపు

రాజోలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పే ధనరాజు మాస్టారు, సెలవు రోజుల్లో రాక్ బ్యాండులో బేస్ గిటారు వాయించేవారు. పాట ఉదయ్‌ది. డ్రమ్స్ జెస్సీవి. ఆమె మాస్టారి దగ్గరే చదువుకుంది.

స్టేజీ ఎక్కితే మాస్టారి పద్ధతి వేరు. చెప్పులు విప్పేసి, జనానికి వీపు పెట్టి, డ్రమ్స్‌కేసి తిరిగి నిలబడేవారు. చివరి పాటయ్యేదాకా తల తిప్పేవారు కాదు. ఎందుకండీ అంటే, "బేస్ అరికాళ్లతో వినాలండీ. డ్రమ్ము తొక్కే కాలు నాకు కనపడాలి. జనంలో చూడ్డానికేముంది?" అనేవారు.

ఒకసారి అమలాపురం విలేకరి ఒకాయన, ఎవరి ప్రభావంతో వాయిస్తున్నారని అడిగేడు.

"మా జ్ఞానమ్మ మామ్మగారండీ. చర్చిలో ఆవిడ గొంతు అందరికన్నా కిందుగా, ఓ అర క్షణం ఆలస్యంగా వచ్చేది. ఆవిడ రాని ఆదివారం పాటకి కాళ్లుండేవి కావు. ఇంకోటి, ఉప్పలగుప్తంలో మా మావయ్యగారి రొయ్యల చెరువు మీద నీళ్లు చిలికే ఏరేటరు మోటారు రొదండీ."

విలేకరి శ్రద్ధగా విని, పాశ్చాత్య సంగీత ప్రభావం అని రాసేడు.

దిండిలో ఒక రిసార్టులో వీళ్ల ప్రోగ్రాం జరిగినప్పుడు, ఎవరో మాస్టారి వీపుని వీడియో తీసి ఫోన్లలో తిప్పేరు. చెమటకి తడిసిన చొక్కా, కదలని తల. అంత పొగరు జనానికి తెగ నచ్చేసింది. రిసార్టు మేనేజరు సుభాష్ వాళ్లని మళ్లీ పిలిచి, గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించేడు. దాని మీద వీపు ఒక్కటే ఉంది.

"మాస్టారూ, పొరపాటున కూడా ఇటు తిరక్కండి. జనం దానికే వస్తున్నారు," అన్నాడు.

మాస్టారు ఫ్లెక్సీకేసి చాలాసేపు చూసేరు. "ఎవరికీ కనపడకూడదనే అటు తిరిగేను జెస్సీ. ఇప్పుడదే వేషమైపోయింది," అన్నారు.

ఆ సాయంత్రం ఆయన జనానికేసి తిరిగి వాయించేరు. కళ్లజోడు, నెరిసిన మీసం, తాళం లెక్కపెట్టుకుంటూ కదిలే పెదాలు. పేపర్లు దిద్దుతున్నట్టుంది ఆ మొహం. రెండో పాటకే గొణుగుడు మొదలైంది. "ఈయన కాదండీ, అసలాయన్ని పిలవండి," అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"ఆయనే అసలాయనండీ," అంది జెస్సీ మైకులో. ఎవరూ నమ్మలేదు.

సుభాష్ పాట ఆపించి, రిసెప్షన్లో పనిచేసే చంటికి మాస్టారి చొక్కాలాంటిదే తొడిగించి, నీళ్లు చల్లించి, వైరు లేని గిటారు మెళ్లో వేసేడు. మాస్టారి దగ్గరికొచ్చి, చేతులు నలుపుకుంటూ, "మీరు ఆ స్పీకర్ల వెనకాల నిలబడి వాయిస్తారా?" అనడిగేడు.

జెస్సీకి మండిపోయి కర్రలు కింద పెట్టేసింది. మాస్టారు మాత్రం, "ఆయ్, అలాగేనండి," అనేసి, జెస్సీతో "అక్కణ్ణించి నీ కాలు కూడా కనపడుతుందమ్మా," అని వెనక్కి వెళ్లేరు.

చంటి వీపు చూపించగానే జనం లేచి నిలబడ్డారు. స్పీకర్ల వెనక చీకట్లో, ఎవరూ చూడని చోట, మాస్టారు అంతకు ముందెప్పుడూ వాయించనంత బాగా వాయించేరు. జెస్సీ కోపం మర్చిపోయి, కర్రలు అందుకుని, ఆయన తాళం వెంట పరిగెత్తింది. స్టేజీ దిగొచ్చేటప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నారు. జనం చంటితో ఫొటోలు దిగుతున్నారు.

తరవాత రావులపాలెం వాళ్లు ప్రోగ్రాంకి పిలిచేరు. వాళ్లకి ఉదయ్, చంటి చాలట. బేసూ డ్రమ్సూ రికార్డు వేసుకుంటారట. ఉదయ్ రెండు రోజులు మొహమాటపడి ఒప్పుకున్నాడు.

మాస్టారూ జెస్సీ ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తున్నారు. అక్కడ అందరూ ఒకే వైపు తిరిగి ఉంటారు కాబట్టి, ఆయన వీపుని పట్టించుకున్నవాళ్లు లేరు. పాస్టరుగారు మాత్రం మొన్న, కిటికీలు అదురుతున్నాయి, కాస్త తగ్గించండి అని కబురు పెట్టేరు. మాస్టారు ఆయ్ అన్నారు గాని, తగ్గించలేదు.