మా తొట్టి నీళ్లు

మా ఊరి చెరువులో నీళ్లుంటే నాకీ తలవంపులు వచ్చేవి కావు. చెరువు నీళ్లు సీసాలో పట్టుకురమ్మంది సైన్సు చెప్పే నాగలత మేడం. చెరువు ఎండిపోయి అందులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే నేనెక్కడి నుంచి తేవాలి? నీళ్లు నీళ్లే కదా అని వాకిట్లోని సిమెంటు తొట్టిలో సీసా ముంచేశాను. ట్యాంకరు వచ్చినప్పుడు నింపుకుంటాం. మేం తాగేవి ఆ నీళ్లే.

మైక్రోస్కోపు కింద అందరి చుక్కల్లోనూ మట్టి కనిపించింది. నా చుక్కలో మాత్రం జాతర. చెప్పు ఆకారంలో ఉన్నవి గింగిరాలు తిరుగుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. అవి పారమీషియాలనే సూక్ష్మజీవులంట. మేడం మొహం వెలిగిపోయింది. తొమ్మిదో తరగతి మొత్తాన్నీ వరసలో నిలబెట్టి చూపించింది.

"శివలీలా, ఎక్కడివమ్మా ఈ నీళ్లు?"

పొద్దున ఆ నీళ్లే చెంబెడు తాగి వచ్చాను. అంతమంది ముందు ఆ మాట ఎలా చెప్పను? మా ఊరి నుంచి ఆ క్లాసుకు వచ్చేది నేనొక్కదాన్నే. "మా ఇంటి పక్క కుంటలోవి మేడం" అనేశాను.

సాయంత్రం బడి వదలగానే ఆ కుంట చూస్తానని మేడం నా వెంట బయల్దేరింది. ఎలా ఆపాలో తోచక ఊ కొడుతూ నడిచాను.

కూలి నుంచి అప్పుడే వచ్చిన మా అమ్మ సుబ్బక్కకు, టీచరమ్మ ఇంటికొచ్చేసరికి కాళ్లూ చేతులూ ఆడలేదు. మంచం వాల్చింది. లోటా తోమి, తొట్టిలో ముంచి, కొంగుతో అడుగు తుడిచి అందించింది.

"ఎండన పడి వచ్చినావు. తాగు మేడమ్మా."

మేడం లోటా అందుకుంది. కుంట కోసం చుట్టూ చూసింది. నాచు పట్టిన తొట్టి అంచు చూసింది. నన్ను చూసింది. పెదాల దాకా వెళ్లిన లోటా ఆగిపోయింది.

"దాహంగా లేదమ్మా" అంది. ఆమె జాకెట్టు చెమటకు తడిసి ముద్దయి ఉంది.

అమ్మ మొహం మాడిపోయింది. "మాయిండ్లల్లో మీరు తాగరు గదా. తెలీక ఇస్తి" అంటూ లోటా కోసం చెయ్యి చాపింది.

"అట్లా కాదమ్మా" అంది మేడం. చెబితే నా పరువు పోతుందని ఆగింది. నన్ను కాపాడబోయి మా అమ్మను చిన్నబుచ్చింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"మేడం కులం చూళ్లేదుమా" అన్నాను. "మన తొట్టి నీళ్లలో పురుగులుండాయి. నేనే బడికి తీస్కపోయినా. కుంట నీళ్లని అబద్ధం చెప్పినా. అందరూ చూసినారు."

"అందరూనా?" అంది అమ్మ, శానా మెల్లగా.

తల ఊపాను. మేడం తల దించుకుంది.

అమ్మ లోటా తీసుకుని నీళ్లు వాకిట్లో పారబోయబోయి ఆగింది. ట్యాంకరు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. మేడం చూస్తుండగానే ఆ నీళ్లు తిరిగి తొట్టిలో పోసింది.