నేలమాళిగలో తమ్ముడు

సినిమా ఓటీటీలో విడుదలైన సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. తమ్ముడికి అది మొదటి పెద్ద వేషం. నేలమాళిగలో దాక్కుని, ఒక్క దీపం వెలుగులో, మాటన్నది లేకుండా ముఖంతోనే నటించాలి. ఆ సినిమాకు రంగులూ వెలుగూ దిద్దిన కలరిస్టు అతని అక్కే. తమ్ముడి దృశ్యం కోసం ఆమె కళ్లలో వత్తులు వేసుకుని పనిచేసింది.

ఆ దృశ్యం రానే వచ్చింది. తెర నిండా మసి. అమ్మ కళ్లజోడు తుడుచుకుని టీవీకి ముక్కు ఆనించినంత పని చేసి, వీడెక్కడే అని అడిగింది. కలరిస్టు భర్త కరెంటు పోయిందేమోనని ఫ్యాను వంక చూశాడు. తమ్ముడు మాత్రం అక్క వంకే చూశాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తాను దిద్దింది హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడలు మరింత వివరంగా కనిపించే పద్ధతిలో. చీకట్లో కూడా చెంప మీది చెమట కనిపించాలి. కానీ ఆ ఓటీటీవాళ్లు దాన్ని పెద్ద ప్లాన్ తీసుకున్నవాళ్లకే, అదీ కొత్తరకం టీవీల్లోనే చూపిస్తారు. మిగతా జనానికి వెళ్లేది మామూలు ప్రతి. దాన్నీ కలరిస్టే షాటు షాటుకూ చూసుకుని సరిచెయ్యాలి. అందుకు ఆమె వారం గడువడిగితే దర్శకుడు తల ఊపాడు కూడా.

మర్నాడు ఫోన్ చేసి నిలదీస్తే ఆయనగారు తాపీగా అసలు సంగతి చెప్పాడు. విడుదల తేదీ ముంచుకొచ్చిందట, మామూలు ప్రతిని ఆమెకివ్వకుండా, దానంతటదే మార్చేసే మిషనుకు అప్పజెప్పేశాడట.

"మామూలు టీవీల్లో చూసేవాళ్లకి అంత తేడా ఏం తెలుస్తుందమ్మా?"

"ఆ మామూలు టీవీల్లో మా అమ్మది కూడా ఒకటండీ," అందామె.

అప్పటికే చూసినవాళ్లంతా దుమ్మెత్తిపోస్తున్నారు. గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి పంపమని దర్శకుడు బతిమాలాడు. ముందు తప్పు మీదేనని మా తమ్ముడికి చెప్పండి అందామె. చూద్దాంలే అని ఫోన్ పెట్టేశాడు. తమ్ముడికి తనే చెప్పబోతే వాడు విననే లేదు. చేసిందంతా చేసి ఇంకొకరి మీదకు తోస్తావెందుకన్నాడు.

చావనీ, నాకేం అనుకుంది. కానీ ఆ ముఖం అలా మసిలోనే ఉండిపోతే వాణ్ని మళ్లీ పిలిచి వేషమిచ్చేదెవరు? పళ్లు కొరుకుతూనే కూర్చుని, దర్శకుణ్ని తిట్టుకుంటూనే, దృశ్యమంతా దిద్ది పంపింది.

కొత్త ప్రతి వచ్చిన రోజే దర్శకుడు లోకానికంతా ఒక ప్రకటన వదిలాడు. ప్రేక్షకుల బాధ చూడలేక తానే స్వయంగా కూర్చుని సరిచేయించాడట. కలరిస్టు ఊసే లేదు. అది చదివి ఆమె కుతకుతలాడుతుండగా తమ్ముడి ఫోన్ వచ్చింది. గొంతు నిండా సంతోషం.

"సార్ దేవుడక్కా. నువ్వంత పాడుచేసినా నిన్నొక్క మాట అనకుండా, దగ్గరుండి బాగుచేయించారు."